వాటం ఉన్న నేల మీద చేపల తొట్టి

మా పాత చేపల తొట్టి పగిలిన రాత్రి, హాల్లో పడిన నీళ్లు సోఫా వైపు చుక్క కూడా రాకుండా నేరుగా బాల్కనీలోకి పోయాయి. నేను బకెట్టులో చేపలను ఏరుకుంటుంటే, మా మామయ్యగారు కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని, "మేస్త్రి ఎవరో గాని వాటం బాగా ఇచ్చాడమ్మాయ్" అని మెచ్చుకున్నారు. ఆ వాటం తర్వాత నాకు ఎంత పని పెడుతుందో అప్పుడు తెలియదు.

తప్పు తొట్టిది కాదు, దాని కింద ఉన్న స్టాండుది. రెండడుగుల తొట్టితో పాటు కొట్టువాడు కలిపి అమ్మిన బల్ల అది. చూడటానికి నల్లగా నిగనిగలాడేది. లోపల ఉన్నది రంపపు పొట్టును జిగురుతో ఒత్తి చేసిన అట్ట. నీళ్లు మార్చినప్పుడల్లా అంచుల వెంట నాలుగు చుక్కలు కారడం, నేను చీరకొంగుతో తుడిచేయడం మామూలే. పై రేకుకు, అట్టకు మధ్య సందులోంచి ఆ చుక్కలు ఏడాదిన్నర పాటు లోపలికి దిగాయి. ఒక మూల టీలో ముంచిన బిస్కట్టులా ఉబ్బింది. ఉబ్బిన మూల తొట్టి అడుగు అద్దాన్ని పైకి ఎత్తింది. అద్దం వంగదు కాబట్టి పగిలింది. యాభై లీటర్ల నీళ్లే కాబట్టి సరిపోయింది.

చేపలు బతికాయి. అవి మా అబ్బాయి తీర్థంలో కొనుక్కొచ్చిన మూడు గోల్డు ఫిష్‌లు. బొటనవేలంత ఉన్నవి అరచేయంత అయ్యాయి. వాటిని మళ్లీ రెండడుగుల తొట్టిలో పెట్టడం పాపమని అందరం ఒప్పుకున్నాం. పొడవు నాలుగు అడుగులు, వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున కొత్త తొట్టి చేయించాలని నిర్ణయించాం. స్టాండు మాత్రం నేనే చేస్తానని ఆ ఊపులో అనేశాను. మా ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బహుశా మానేసేదాన్నేమో.

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. కాబట్టి రంపం పట్టకముందే కాగితం పట్టాను. తొట్టి ఘనపరిమాణం తొమ్మిది ఘనపుటడుగులు. పైన రెండంగుళాలు వదిలేస్తే నీళ్లు ఎనిమిది. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల లెక్కన సుమారు 226 లీటర్లు, అంటే అన్ని కిలోలు. 10 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది, కాబట్టి ఖాళీ తొట్టే యాభై కిలోల పైన. గులకరాళ్లు, బండలు కలిపితే మొత్తం 320 కిలోలు. హాల్లో గోడ పక్కన ఐదుగురు పెద్దమనుషులు ఒకరిమీద ఒకరు ఎక్కి రాత్రింబవళ్లు నిలబడి ఉన్నట్టు.

మేము ఉండేది రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. కాబట్టి మొదటి భయం స్టాండు గురించి కాదు, స్లాబు గురించి. ఎదురింట్లో రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు గారున్నారు. ఆయన్ని అడిగాను. నివాస గదుల స్లాబును, కట్టడాల మీద పడే బరువులకు భారత ప్రమాణమైన ఐ.ఎస్. 875 ప్రకారం, చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువుకు లెక్క కడతారని చెప్పారు. నేను గబగబా నా లెక్క వేసి, తొట్టి కింద అది 570 దాటుతోందండీ అన్నాను. ఆయన ఓపికగా, "అది గది నేలంతా పరిచిన బరువుకు లెక్క మాస్టారూ, మీ తొట్టి అర చదరపు మీటరే కదా. గది నడిమధ్యలో పెట్టకండి. ఆ గోడ కింద బీము ఉంది, దాని వెంట పొడుగునా పెట్టండి. మీ పెళ్లిరోజుకు ముప్పైమంది వచ్చి నిలబడలేదా ఇదే హాల్లో" అన్నారు. కాలేజీలో చెప్పేవాళ్లెవరైనా, ఆడైనా మగైనా, ఆయనకు మాస్టారే.

ఇనుప యాంగిల్స్‌తో వెల్డింగు చేయిస్తే ఒక పూటలో అయిపోతుందని చాలామంది అన్నారు. నిజమే, చవక కూడా. కాని గోదావరి గాలికి, తొట్టి తడికి తుప్పు పట్టిన యాంగిల్స్ మరక టైలు మీద ఎలా పడుతుందో మా చెల్లెలి ఇంట్లో చూశాను. పైగా వెల్డింగు వేడికి ఇనుము మెలిక తిరిగితే నా చేతిలో సరిచేసే దారి లేదు. చెక్క అయితే చెక్కవచ్చు. మాట అలాగే పుట్టిందేమో.

కొత్త టేకు ధర విన్నాక కలప అడితిలో నా మొహం చూసి, అక్కడి ముసలి గుమాస్తాయే దారి చూపించాడు. కోనసీమలో ఎవరో పాత మండువా లోగిలి విప్పేశారట, ఆ దూలాలు వెనకాల ఉన్నాయి, చూసుకోండమ్మా అన్నాడు. పైన మసి, చెదలు తినబోయి వదిలేసిన గీతలు. గోటితో గీకితే లోపల బంగారు రంగు. ఎన్నో దశాబ్దాలు పెంకుల కింద ఎండిన కలప అది, ఇక కొత్తగా ఎండటానికి, వంకర పోవడానికి దానిలో ఏమీ మిగల్లేదు. నాలుగంగుళాలు, ఆరంగుళాల కోతలో ఏడేసి అడుగుల దూలాలు రెండు తీసుకున్నాను. కొత్త కలప ధరలో సగం కూడా కాలేదు.

ఆ సగం ఎందుకు తగ్గిందో కోత మిల్లుకు వెళ్లాక తెలిసింది. "మేకులు తీసి తీసుకురండి, లేకపోతే రంపం పళ్లు పోతాయి" అని మిల్లువాడు దూలాన్ని ముట్టుకోనన్నాడు. రెండు ఆదివారాలు మేకులు పీకాను. పైకి కనిపించేవి సులువే. తలలు విరిగి లోపల దాక్కున్నవాటిని మా అబ్బాయి పాత స్పీకరు పెట్టెలోంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి, దూలం మీద జరుపుతూ పట్టించాం. దారం ఒక్కచోట వంగితే అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టడం వాడి పని. అలా నలభై ఒక్క మేకులు తీశాం. వాటిలో కొన్ని కమ్మరి కొలిమిలో సాగగొట్టినవి, నాలుగు పలకల మేకులు. మామయ్యగారు వాటిని పారేయనివ్వలేదు.

ఒక దూలాన్ని మూడంగుళాల చదరపు కాళ్లకు, రెండోదాన్ని రెండంగుళాలు, మూడంగుళాల పట్టీలకు కోయించాను. కాళ్లు నాలుగా, ఆరా అన్నదగ్గర లెక్కే తీర్పు చెప్పింది. మూడంగుళాల టేకు కాలు నిలువుగా టన్నుల బరువును మోస్తుంది. కాబట్టి బలానికైతే నాలుగు చాలు. కాని కాళ్ల మధ్య నాలుగడుగుల మేర పట్టీ గాలిలో ఉంటుంది. మొత్తం బరువులో సగం, అంటే 160 కిలోలు దాని మీద పరుచుకుంటే నడుమ ఎంత వంగుతుందో చూశాను. సుమారు 2 మిల్లీమీటర్లు. చెక్కకు అది లెక్కలోది కాదు, దాని మీద ఆనే అద్దానికి లెక్కే. అదే నడుమ ఇంకో కాలు పెట్టి దూరాన్ని సగం చేస్తే వంపు సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. దూరం నాలుగో ఘాతంతో వంపు పెరుగుతుందని ఇన్నేళ్లుగా నల్లబల్ల మీద రాస్తూనే ఉన్నాను. మా ఇంటి హాల్లో ఆ ఘాతం పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆరు కాళ్లే వేశాను.

ఇంకో విషయంలో మాత్రం పట్టుబట్టాను. బరువంతా స్క్రూల మీద వేలాడకూడదు. చాలా బల్లలకు పై పట్టీని కాలి పక్కన ఆనించి రెండు స్క్రూలు బిగిస్తారు. అక్కడ మూడు వందల కిలోలను మోసేది ఆ రెండు స్క్రూలే. నేను ప్రతి కాలి తలనూ సగానికి మెట్టులా కోసి, ఆ మెట్టు మీద పట్టీ కూర్చునేలా చేశాను. చెక్క చెక్క మీద కూర్చుంటుంది, స్క్రూ పక్కకు జారకుండా పట్టుకుంటుంది, అంతే. ఆరు మెట్లు కోయడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మొదటి మెట్టు చూపిస్తే మా ఆయన, "ఎలుక కొరికినట్టుంది" అన్నారు. ఆరోది చూసి ఏమీ అనలేదు, నేను దాన్ని ప్రశంస కింద రాసుకున్నాను.

జిగురు పెట్టే పని మేడ మీద చేశాను. ఇంట్లో చోటు లేదు. నీటికి తట్టుకునే జిగురు పూసి, క్లాంపులు కొనడం ఎందుకని కొబ్బరితాడు చుట్టూ బిగించి కర్రతో మెలిపెట్టాను. మూలమట్టం పెట్టి ప్రతి మూలా చూశాను. టేపుతో రెండు మూలల గీతలూ కొలిచాను. రెండూ ఒకటే. బ్రహ్మాండంగా ఉంది అనుకుని ఆ రాత్రి సుఖంగా పడుకున్నాను.

మర్నాడు మామయ్యగారు పైకి వచ్చారు. ఆయన రైల్వేలో బోగీలు మరమ్మతు చేసే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశారు. స్టాండు చుట్టూ ఒకసారి తిరిగి, ఒంగి, ఒక కన్ను మూసి చూశారు. "అమ్మాయ్, రెండు దారాలు పట్రా" అన్నారు. ఎదురెదురు మూలలకు ఒక దారం, మిగతా రెండు మూలలకు దాని మీదుగా ఇంకో దారం, బిగువుగా కట్టించారు. నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉంటే నడుమ దారాలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. నా దారాల మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంది. పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చి కడితే ఒకటి ఇంకొకదాన్ని నెట్టింది.

నేను చేసిన తప్పు అప్పుడు అర్థమైంది. మూలల గీతలు సమానంగా ఉంటే అది దీర్ఘచతురస్రం అని మాత్రమే తేలుతుంది. ఆ దీర్ఘచతురస్రం మంచం నవారులా మెలిక పడి ఉందా లేదా అన్నది ఆ కొలతకు తెలియదు. దారాల ఎడం మూడు మిల్లీమీటర్లంటే, మూడు మూలలను ఆనిస్తే నాలుగోది ఆరు మిల్లీమీటర్లు లేచి ఉన్నట్టు. మేడ మీద వాననీళ్లు పోవడానికి అన్నివైపుల నుంచీ గొట్టం దగ్గరకు వాటం ఉంటుంది. సరిగ్గా ఆ గుంటకు అడ్డంగా నా స్టాండును పెట్టి, పైనుంచి తాడుతో బిగించి, జిగురు ఆరబెట్టాను. నేల ఎలా ఉంటే బల్ల అలాగే గట్టిపడింది.

ఊడదీయాలని చూశాను. జిగురు నిజంగానే మంచిది, రాలేదు. చివరికి అడితి దగ్గర పనిచేసే వడ్రంగి మేస్త్రిని బతిమాలి పిలిపించాను. ఆయన దారాలు చూసి, ఎత్తుగా ఉన్న రెండు ఎదురు మూలల దగ్గర పెన్సిలుతో గీత గీసి, చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. మూల దగ్గర మూడు మిల్లీమీటర్లు, నడిమి కాలు దగ్గరకు వచ్చేసరికి సున్నా. కాగితం చుట్టల్లాంటి పొరలు, పాత టేకు నూనె వాసన. పది నిమిషాలు. దారాలు తాకాయి. "ఇంకేమన్నా ఉందా అమ్మా?" అని అడిగారు. నా దగ్గర ఆరు వారాల పని ఉంది, ఆయన దగ్గర పది నిమిషాల చెయ్యి ఉంది. డబ్బులిస్తే టీకి చాలినంతే తీసుకున్నారు.

పై తలం సరిపోయింది గాని కింది కాళ్లలో మెలిక అలాగే ఉందని గమనించండి. దాని సంగతి తర్వాత.

పైన 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై వేశాను. మన దగ్గర దొరికే తొట్లు చాలావరకు చుట్టూ చట్రం లేకుండా అద్దాలను సిలికాన్‌తో అతికించినవే. వాటి అడుగు అద్దం మొత్తం ఆనాలి, అంచుల మీదే ఆనితే చాలదు. వెనకవైపు కూడా సన్నటి ప్లై పలకను స్క్రూలతో నిండుగా బిగించాను. అది అందం కోసం కాదు. కాళ్లు ఎంత లావుగా ఉన్నా పక్కకు తోస్తే బల్ల ఊగుతుంది. ఆ ఊపును ఆపేది ఈ పలకే. బిగించకముందు మా అబ్బాయి ఒక వేలితో ఊపగలిగాడు. బిగించాక భుజం పెట్టి తోసినా కదల్లేదు.

ఉప్పు కాగితం రుద్దుడు, వార్నిషు మూడు పూతలు. వీటి గురించి చెప్పేదేమీ లేదు, విసుగు తప్ప. ఒక్కటి మాత్రం. కాళ్ల అడుగున, కోత కనిపించే చోట ఐదు పూతలు వేశాను. ఇల్లు తడిబట్ట పెట్టి తుడిచినప్పుడు చెక్క నీళ్లు తాగేది ఆ నోటితోనే.

బరువు పరీక్ష అనుకోకుండా కుదిరింది. పైఅంతస్తు వాళ్లు గృహప్రవేశం భోజనాలకు 25 కిలోల బియ్యం బస్తాలు దించుకున్నారు. ఎనిమిది అడిగి తెచ్చి ప్లై మీద పేర్చాం. ఆ బస్తాల మీద నేను, మా ఆయన ఎక్కి కూర్చున్నాం. పొడుగు పట్టీ వెంట కట్టిన దారం జరగలేదు. మామయ్యగారు ఫొటో తీశారు. అందులో ఇద్దరం కల్యాణ మండపంలో పీటల మీద ఉన్నట్టే ఉన్నాం.

ఇక వాటం. హాల్లో గోడ వెంట రసమట్టం పెడితే గాలిబుడగ ఒక పక్కకు పారిపోయింది. నాలుగడుగుల పొడవులో నేల బాల్కనీ వైపు ఐదు మిల్లీమీటర్లు దిగి ఉంది. ఇల్లు కడిగినప్పుడు నీళ్లు పోవాలని మేస్త్రి ఇచ్చిన వాటం అది, తప్పు కాదు. కాని తొట్టిలో నీళ్లు ఆ వాలును ఊరికే వదలవు. ఒక చివర లోతు ఎక్కువై ఆ పక్క అద్దం మీద ఒత్తిడి పెరుగుతుంది. నిండిన తొట్టిలో నీళ్లు ముందు అద్దాన్ని బయటికి నెట్టే బలమే దాదాపు 100 కిలోల బరువంత ఉంటుంది. అది తక్కువని ఎవరికైనా అనిపిస్తే నా లెక్క కాగితం చూపిస్తాను. అదంతా సిలికాన్ అతుకులే పట్టుకోవాలి.

కాళ్ల కింద ఏం పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. మడిచిన అట్టలు తడికి నలిగిపోతాయి. రబ్బరు బరువుకు ఒక్కోచోట ఒక్కోలా కుంగుతుంది. నాకు తట్టింది సన్‌మైకా. ఒక్కో రేకు ఒక మిల్లీమీటరు, నలగదు, నానదు, ఎన్ని కావాలంటే అన్ని పేర్చుకోవచ్చు. ఫర్నిచరు కొట్టులో చెత్తలో పడేసే ముక్కలు అడిగి తెచ్చి అరచేతి వెడల్పున కోశాను. గోడ మూల కాలి కింద ఏమీ లేదు. బాల్కనీ వైపు ఒక కాలి కింద ఐదు, ఇంకోదాని కింద ఎనిమిది. ఇందాక చెప్పిన మెలిక ఆ ఎనిమిదిలో ఉంది.

అప్పుడే మామయ్యగారు చేతికర్రతో టైళ్లను ఒక్కొక్కటీ తట్టడం మొదలుపెట్టారు. టంగ్, టంగ్, టంగ్, బొళ్. నడిమి కాలు రావలసిన చోట టైలు కింద సిమెంటు నిండలేదు, బోలుగా ఉంది. అలాంటి టైలు మీద ఒక్కచోట బరువు పెడితే పగలడానికి ఎక్కువ కాలం పట్టదు. స్టాండును ఎనిమిది అంగుళాలు పక్కకు జరిపి, సన్‌మైకా లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాం. ఆ రాత్రి భోజనాలు పదిన్నరకు.

ప్లై మీద అర అంగుళం మందం థర్మాకోల్ షీటు పరిచాం. ఇసుక రేణువో, స్క్రూ తలో ఉంటే అది మింగేసుకుంటుంది. వంకర బల్లను మాత్రం సరిచేయదు. దారాల పరీక్ష లేకుండా థర్మాకోల్‌ను నమ్ముకుని ఉంటే నేనూ మళ్లీ బాల్కనీలోకి నీళ్లు పంపేదాన్నే. తొట్టిని నలుగురం ఎత్తి పెట్టాం. రెండంగుళాల నీళ్లు పోసి ఆపి, నాలుగు మూలల్లో స్కేలు ముంచి చూశాం. నీళ్లను మించిన రసమట్టం ఏముంది? పొడుగునా ఒకటిన్నర మిల్లీమీటరు తేడా, అడ్డంగా ఏమీ లేదు. ఒక సన్‌మైకా ముక్క పెడితే ఇటు అర మిల్లీమీటరు, రెండు పెడితే అటు. పెట్టాలంటే తొట్టిని మళ్లీ దించాలి. పెట్టలేదు. ఆ తేడా ఇప్పటికీ ఉంది, నాకు మాత్రమే కనిపిస్తుంది. సగం నింపి ఒక రోజు, పూర్తిగా నింపి వారం వదిలేశాం. రోజూ పొద్దున్నే లేచి పళ్లు తోముకోకముందే దారం కట్టి చూసేదాన్ని.

ఒక తెలివితక్కువ పని మాత్రం ముగింపులో చేశాను. స్టాండు లోపల ఒక అర ఖాళీగా ఉందని గాలి మోటారును అక్కడ పెట్టాను. అది నీటి మట్టానికి కింద ఉంటుంది. ఒక సాయంత్రం కరెంటు పోయింది, గాలి ఆగింది, సన్నటి గొట్టంలో నీళ్లు వెనక్కి దిగి మోటారులోంచి అర మీదకు కారాయి. మెరైన్ ప్లైకి, వార్నిషుకు ఏమీ కాలేదు. మోటారు పోయింది. ఇప్పుడు గొట్టంలో గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వు ఉంది. ప్లగ్గుకు వెళ్లే వైర్లు కూడా స్విచ్చు బోర్డు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళతాయి. వైరు వెంట జారిన చుక్క బోర్డులోకి పోకుండా ఆ వంపు దగ్గరే నేల మీద రాలుతుంది.

గోల్డు ఫిష్‌లు కొత్త ఇంట్లో ఎలా ఉన్నాయని అడుగుతారు. తింటున్నాయి. కడియం నర్సరీలో తెచ్చిన మొక్కలను రెండు రోజుల్లో పీకి పారేశాయి.

జులైలో వానలు పట్టాక స్టాండు ముందు తలుపు బిగుసుకుపోయింది. తలుపుకు మాత్రం కొత్త కలప వాడాను, అది తేమకు ఉబ్బింది. మేస్త్రికి ఫోను చేద్దామని తీసి, మళ్లీ పెట్టేశాను. మర్నాడు మెయిన్ రోడ్డు మీద ఇనుప సామాన్ల కొట్టులో సొంత చిత్రిక కొన్నాను. తలుపు విప్పి బాల్కనీలో స్టూలు మీద పెట్టి పట్టాను. మొదట పొరకు బదులు పొట్టు వచ్చింది. తర్వాత చుట్టలు వచ్చాయి. నలభై నిమిషాలు. తలుపు ఇప్పుడు పడుతోంది. పైమూలలో కొంచెం ఎక్కువ పోయింది, అక్కడ వేలు దూరేంత సందు ఉంది. మామయ్యగారు దాన్ని చూశారు. దారాలు మాత్రం అడగలేదు.